వారానికోసారి లూజయ్యే చైన్: హార్బర్ చేపల బండి కేసు

బండి 150 సీసీ. వెనక డ్రమ్ బ్రేకు, చైన్‌కి పైవైపు మాత్రమే కవరు. ఓనరు చీకటితోనే విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి చేపలు కొంటాడు. ఐసు వేసిన థర్మోకోల్ పెట్టెను వెనక క్యారియర్‌కి కట్టుకుని కాన్వెంట్ జంక్షన్, ఎన్ఏడీ మీదుగా గోపాలపట్నం, పెందుర్తి వైపు వీధుల్లో తిరిగి అమ్ముతాడు. పెట్టె నిండితే వెనక చక్రం మీద పెద్ద మనిషి బరువు పడుతుంది. అతను చెప్పింది ఇది: "చైన్ నిలబడట్లేదన్నా. బిగించిన వారానికే మళ్లీ జారిపోతంది. సిగ్నల్ దగ్గర కదిలిస్తే వెనకాల టక్కుమంటంది."

నేను ఫ్యాక్టరీలో కన్వేయర్ చైన్లు, గేర్‌బాక్సులు చూసే మెయింటెనెన్స్ ఫిట్టర్ని. బైకులు ఇంటి దగ్గర, తెలిసినవాళ్లవి మాత్రమే చూస్తాను. ఈ బండిని అప్పటికే రోడ్డు పక్క షెడ్డులో చాలాసార్లు బిగించారు. బిగించడానికి రెండు నిమిషాలు చాలు కాబట్టి అందరూ అదే చేస్తారు. కానీ వారానికోసారి బిగించాల్సి వస్తోందంటే, చైన్ మొత్తం ఒకేలా లూజయిందా, ఒక్కచోటే లూజా అన్నది తెలుసుకోకుండా పానా పట్టుకోకూడదు. ఈ కేసులో అసలు సంగతంతా అక్కడే ఉంది.

కొలతలు

బండిని మెయిన్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ కింది చైన్ మధ్యలో పైకీ కిందకీ ఆడించి చూశాను. ఒక చోట ఆట 55 మిల్లీమీటర్లు. చక్రం ఇంకాస్త తిప్పితే అదే చైన్ 15 మిల్లీమీటర్లకు బిగుసుకుపోయింది. ఈ బండికి స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి పైకీ కిందకీ ఆడే చేయి) మీది స్టిక్కర్ చెప్పేది 25 నుంచి 30. షెడ్డులో ఏం జరుగుతోందో దీంతో అర్థమైపోయింది. లూజు భాగం కిందికి వచ్చినప్పుడు చూసి బిగిస్తే, బిగుతు భాగం వచ్చేసరికి చైన్ తీగలా లాగేస్తుంది. అలా లాగినప్పుడల్లా గేర్‌బాక్స్ నుంచి బయటికి వచ్చే షాఫ్టు బేరింగ్ మీదా, ఆయిల్ సీలు మీదా, వెనక చక్రం బేరింగుల మీదా భారం పడుతుంది. చైన్ ఇంకా వేగంగా అరుగుతుంది. అరిగిన చైన్ మళ్లీ లూజు. మళ్లీ షెడ్డు.

తర్వాత స్టీలు స్కేలు తీశాను. ఈ బండిది 428 చైన్. ఇందులో ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకి దూరం (దీన్నే పిచ్ అంటారు) అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. చైన్‌ని బిగువుగా లాగిపట్టి 21 పిన్నుల మేర, అంటే 20 పిచ్‌లు కొలిస్తే కొత్త చైన్ అయితే 254 రావాలి. 259 దాటితే రెండు శాతం సాగినట్టు, ఇక మార్చాల్సిందే. కొన్ని కంపెనీల మాన్యువళ్లలో హద్దు ఇంతకంటే తక్కువే ఉంటుంది. ఈ చైన్‌ని మూడు చోట్ల కొలిచాను: 256.5, 258.5, 262. మొదటిచోట ఒక శాతం సాగింది, మూడోచోట మూడు శాతం దాటింది. ఒక్కచోటే కొలిచి ఊరుకుంటే, అదీ మొదటి చోటైతే, "చైన్ బాగానే ఉంది, ఇంకో ఏడాది వస్తుంది" అని పంపేసేవాణ్ణి.

సాగడం అని అందరం అంటాం గానీ ఇనుప పట్టీలేమీ సాగవు. పిన్నూ, దాని చుట్టూ ఉండే బుష్షూ ఒకదాన్నొకటి రాసుకుని అరుగుతాయి. ఒక్కో జాయింటులో వెంట్రుకవాసి చొప్పున అరుగుదల వందకు పైగా జాయింట్లలో పోగైతే సెంటీమీటర్లవుతుంది. పిచ్ పెరిగిన చైన్ స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) పంటి అడుగున కూర్చోలేదు, పంటి మీదికి ఎక్కి కూర్చుంటుంది. వెనక స్ప్రాకెట్ వెనక అంచు దగ్గర చైన్‌ని వేళ్లతో పట్టి వెనక్కి లాగితే ఆ సందు కనిపిస్తుంది. ఇక్కడ పన్ను సగానికి పైగా బయటపడింది. (ఈ పరీక్ష ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని చెయ్యాలి. ఇంజను ఆన్‌లో పెట్టి గేరు వేసి, తిరిగే చైన్‌ని గుడ్డతో తుడిచేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. గుడ్డ ఎక్కడికి పోతే వేలూ అక్కడికే పోతుంది.)

ఒక్కచోటే ఎందుకు అంత అరిగింది?

చైన్ ఒక చోట ఎర్రగా, మరో చోట నల్లగా ఉంది. ఎర్రగా ఉన్నచోట కొన్ని లింకులు మడిచిన చోటే బిగుసుకుని నిలిచిపోతున్నాయి. వాటి సందుల్లోంచి సన్నటి ఎర్ర పొడి రాలుతోంది. జాయింటు లోపల నూనె చుక్క లేకుండా తుప్పు రుబ్బుతోందనడానికి ఆ పొడే గుర్తు.

పెట్టె కట్టే చోటు చూశాక ఉప్పు ఎక్కణ్ణుంచి వస్తోందో అడగక్కర్లేకపోయింది. థర్మోకోల్ పెట్టె మూలన చిన్న బెజ్జం ఉంది. ఐసు కరిగిన నీళ్లు, చేపల ఉప్పునీళ్లతో కలిసి, ఎడమ పక్క నుంచి సరిగ్గా చైన్ మీదే కారుతున్నాయి. చైన్ కవరు మీద తెల్లటి చారలు కట్టాయి. విశాఖలో బీచ్ రోడ్డు మీద రోజూ తిరిగే బండికి కూడా ఉప్పు గాలి తగులుతుంది గానీ, అది వేరు, ఇలా ఉప్పునీటితో తడవడం వేరు. ఉప్పు ఎక్కడ అంటుకుంటే అక్కడ గాలిలో తేమను లాక్కుంటుంది. మన ఊరి గాలిలో తేమకి కొదవ లేదు. వాన లేకపోయినా ఆ చైన్ తడిగానే ఉంటుంది.

మరి చైన్ అంతా ఒకేలా ఎందుకు పాడవలేదు? తిరిగే చైన్ కదా, నీళ్లు అన్నిచోట్లా పడాలి. దీనికి జవాబు అతనే చెప్పాడు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. హార్బర్‌లో బోట్లు ఆగితే అతని వ్యాపారమూ ఆగుతుంది. ఈసారి బండిని ఇంటి వెనక రేకు కింద పెట్టి శ్రీకాకుళం వైపు సొంతూరికి వెళ్లిపోయాడు. చివరి రోజు పెట్టె కారిన నీళ్లు కడగలేదు. ఉప్పు పట్టిన చైన్ ఒకే భంగిమలో రెండు నెలలు నిలబడింది. నీళ్లు జారి చేరిన కింది భాగంలో తుప్పు లోపలికి పోయింది. తర్వాత బండి తీసి నడిపితే, ఆ తుప్పు పొడే గరుకు కాగితంలా పిన్నుల్ని తినేసింది. వేట నిషేధానికి ముందు చైన్ ఇంత తరచుగా లూజయ్యేది కాదని, గొడవంతా జూన్ తర్వాతే మొదలైందని అతను చెప్పిన మాటకీ ఇది సరిపోయింది.

లింకు లెక్క

ఇంకో విషయం నాకు పొసగలేదు. ఈ బండికి మాన్యువల్ ప్రకారం 118 లింకుల చైన్. 118ని 12.7తో గుణిస్తే దాదాపు 1,499 మిల్లీమీటర్లు. సగటున రెండు శాతం సాగిందనుకుంటే 30 మిల్లీమీటర్లు పెరగాలి. చైన్‌కి పైనా కిందా రెండు వరసలు కాబట్టి, ఆ పొడవును సర్దడానికి వెనక యాక్సిల్ (చక్రం ఇరుసు) అందులో సగం, అంటే 15 మిల్లీమీటర్లు వెనక్కి జరిగి ఉండాలి. కానీ స్వింగార్మ్ మీది గీతలు చూస్తే యాక్సిల్ కొత్త బండి స్థానం నుంచి రెండు మూడు మిల్లీమీటర్లే వెనక్కి ఉంది.

అంటే మధ్యలో ఎవరో చైన్ పొట్టి చేశారు. లింకులు లెక్కపెడితే 116. రెండు కొసల్నీ క్లిప్పు లింకుతో (విప్పగలిగే లింకు) కలిపే చైన్‌లో లింకులు ఎప్పుడూ జతగానే తీయాలి, లోపలిదొకటి, బయటిదొకటి. రెండు తీస్తే 25.4 మిల్లీమీటర్లు తగ్గి యాక్సిల్ 12.7 ముందుకి వస్తుంది. పదిహేనులోంచి పన్నెండున్నర పోతే మిగిలేది అదే రెండు మూడు. ఓనర్ని అడిగితే, "అవునన్నా, ఒకసారి అడ్జస్టరు అయిపోయింది, లింకు తీస్తానని తీశారు" అన్నాడు.

నడిరోడ్డు మీద చైన్ జారిపోతుంటే ఇంటికి చేరడానికి లింకు తీయడం తప్పనను. కానీ అడ్జస్టరు (యాక్సిల్ని వెనక్కి జరిపే మర) చివరికి వచ్చిందంటే చైన్ ఆయుష్షు అయిపోయిందని బండే చెబుతోంది. లింకు తీస్తే ఆ సూచన చెరిగిపోతుంది. తర్వాత చూసేవాడికి గీతలు చూసి "ఇంకా చాలా ఉంది" అనిపిస్తుంది. పైగా పాత చైన్ చూపించి "ఇంత పొడుగుదే ఇవ్వండి" అని షాపులో అడిగితే పొట్టి చైన్ చేతికొస్తుంది.

సామాను

చైన్, ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్ మూడూ కలిపి సెట్‌గా తీసుకున్నాం. వెనకది పైకి బాగానే కనిపిస్తోంది కదా, చైన్ ఒక్కటే మారిస్తే చాలదా అని అతని ప్రశ్న. డబ్బు అతనిది కాబట్టి అడగడం న్యాయమే. ముందు స్ప్రాకెట్‌కి 15 పళ్లు, వెనకదానికి 44. ముందు స్ప్రాకెట్ దాదాపు మూడు రెట్లు ఎక్కువ తిరుగుతుంది, అందుకే దాని పళ్లు ముందు అరిగి ఒక పక్కకి కొక్కెంలా వంగుతాయి. సాగిన చైన్‌కి అలవాటుపడి అరిగిన పళ్ల మీద సరైన పిచ్ ఉన్న కొత్త చైన్ వేస్తే, బరువంతా ఒకటి రెండు పళ్ల మీదే పడి కొత్తదాన్నీ పాతదాని దారి పట్టిస్తుంది. కవరు విప్పి ముందు స్ప్రాకెట్ చూపించాక అతను మళ్లీ అడగలేదు.

ముందు 16 పళ్లది వేస్తే మైలేజీ పెరుగుతుందని ఎవరో చెప్పారట. 44ని 15తో భాగిస్తే 2.93, 16తో అయితే 2.75. ఖాళీ హైవే మీద ఇంజను కాస్త తక్కువ తిరుగుతుంది, నిజమే. కానీ ఆ మేరకు వెనక చక్రానికి లాగుడు ఆరు శాతం తగ్గుతుంది. చేపల పెట్టెతో ఆగుతూ, కదులుతూ, వీధి వీధీ తిరిగే బండికి దానివల్ల క్లచ్ ప్లేట్ల ఖర్చే మిగులుతుంది. వద్దన్నాను.

మన దేశంలో కోయంబత్తూరు ఎల్‌జీబీ వాళ్ల రోలాన్, చెన్నై టీఐడీసీ వాళ్ల డైమండ్ చైన్లు చాలాకాలంగా ఉన్నవే. బండి కంపెనీ సొంత ప్యాకింగు సెట్లూ దొరుకుతాయి. దేనిలోనైనా నకిలీలుంటాయి. గాజువాకలో కొన్నచోటే సెట్ విప్పి చూశాను. స్ప్రాకెట్ల మీద పళ్ల సంఖ్య ముద్ర, ముందుదాని లోపలి గాడులు పాతదానితో సరిపోతున్నాయా, వెనకదాని బోల్టు రంధ్రాలు పాతదాని మీద పెడితే కలుస్తున్నాయా, చైన్ 118 లింకులేనా. చివరిదాన్ని అక్కడే కౌంటరు మీద లెక్కపెట్టాను. షాపతను నవ్వాడు, నవ్వనీ.

డ్రమ్ రబ్బర్లు కూడా తీసుకోమన్నాను. ఎందుకో చెబుతాను.

విప్పడం

కొత్తగా ఇంట్లో ఈ పని మొదలుపెట్టేవాళ్లు ముందే చైన్ ఊడదీసి, తర్వాత స్ప్రాకెట్ బోల్టులు తిప్పబోయి, షాఫ్టు దాంతో పాటే తిరుగుతుంటే దిక్కు తోచక కూర్చుంటారు. చైన్ ఉండగానే, గేరు వేసి, ఒకరు వెనక బ్రేకు తొక్కిపట్టగా ముందు స్ప్రాకెట్ బోల్టులు వదులు చేసుకోవాలి. వెనక స్ప్రాకెట్ నట్లు కూడా చక్రం బండికి ఉండగానే, బ్రేకు తొక్కి, ఎదురెదురుగా ఒక్కొక్కటీ వదులు చేసుకోవాలి. ఆ తర్వాతే క్లిప్పు లింకు జోలికి పోవాలి.

ముందు కవరు వెనక గ్రీజూ ఇసకా కలిసి గట్టిపడిన ముద్ద. స్క్రూడ్రైవరుతో గీకి, డీజిల్ తడిపిన బ్రష్షుతో కడిగాను. కడిగాక షాఫ్టు సీలు చుట్టూ తడి ఉందా అని కాసేపు ఆగి చూశాను. ఆయిల్ కారడం లేదు. అన్నాళ్లు అతిగా బిగించి తిప్పిన బండిలో ఇది అదృష్టమే. షాఫ్టును పట్టుకుని పైకీ కిందకీ ఊపినా ఆట తెలియలేదు.

వెనక యాక్సిల్ మాత్రం ఏడిపించింది. సముద్రం పక్క బండ్లలో ఈ పనిలో అసలు కష్టం చైన్ కాదు, ఇదే. నట్టు వచ్చింది గానీ యాక్సిల్ లోపలి స్లీవుకి తుప్పుతో అతుక్కుపోయింది. ఇక్కడ సుత్తితో నేరుగా కొడితే మరలు చితికి కొత్త యాక్సిల్ కొనాల్సి వస్తుంది. రెండు వైపులా తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున నట్టును మళ్లీ యాక్సిల్ చివరతో సమానంగా ఎక్కించి, మీద చెక్క ముక్క పెట్టి, చిన్న దెబ్బలు వేస్తూ, మధ్యలో యాక్సిల్‌ని పానాతో అటూ ఇటూ తిప్పుతూ పోతే కదిలింది. బయటికి తీశాక గరుకు కాగితంతో రుద్ది, పలచగా గ్రీజు పూసి పక్కన పెట్టాను.

పాత చైన్ని మేకుకి వేలాడదీసి మొత్తం పొడవు కొలిచాను. 1,503 మిల్లీమీటర్లు. 116 లింకుల చైన్ కొత్తలో 1,473 ఉండాలి. సగటు రెండు శాతం అన్న లెక్క సరిపోయింది.

టక్కుమనే చప్పుడు

సిగ్నల్ దగ్గర వచ్చే చప్పుడుకి చైన్ లూజు కొంత కారణం. కానీ చక్రం బండికి ఉండగానే ఒక పరీక్ష చేశాను. చక్రాన్ని కదలకుండా పట్టుకుని వెనక స్ప్రాకెట్‌ని చేత్తో ముందుకీ వెనక్కీ ఆడిస్తే బొటనవేలి మందం ఆట ఉంది. స్ప్రాకెట్ బిగించిన డ్రమ్ముకీ చక్రం హబ్బుకీ మధ్య రబ్బరు ముక్కలుంటాయి. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు కుదుపును మింగేవి అవే. చక్రం తీసి డ్రమ్ము లాగితే ఆ ముక్కలు అంచులు తెగి, నల్లటి పొడి రాలుస్తూ వచ్చాయి. చైన్ సెట్ మాత్రమే మార్చి పంపి ఉంటే ఆ చప్పుడు అలాగే ఉండేది. "రెండు వేలు పెట్టినా తగ్గలేదు" అనేవాడు, అతని తప్పేమీ లేదు. కొత్త రబ్బర్లకి గ్రీజు గానీ ఆయిల్ గానీ పూయకూడదు, ఉబ్బి పాడవుతాయి. ఎక్కకపోతే సబ్బునీళ్లు చాలు. డ్రమ్ము బేరింగ్ని వేలితో తిప్పి చూశాను, గరగర లేదు, అలాగే ఉంచాను.

బిగింపు

ముందు స్ప్రాకెట్ లాక్ ప్లేటు గాడిలో తిరిగి కూర్చున్నాకే ఆరు మిల్లీమీటర్ల బోల్టులు వేశాను. అవి చిన్నవి, పది న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. పొడుగు పానా వేసి బలం చూపిస్తే తెగుతాయి. వెనక నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించి, లాక్ వాషరు చెవులు మడిచాను. కొత్త చైన్ రెండు కొసల్నీ వెనక స్ప్రాకెట్ పళ్ల మీదే కలిపితే పళ్లే వాటిని సరైన దూరంలో పట్టి ఉంచుతాయి, ఇంకొకరి చెయ్యి అక్కర్లేదు. క్లిప్పు మూసి ఉన్న కొస చైన్ కదిలే దిక్కుకి ఉండాలి: పై వరసలో ఉన్నప్పుడు ముందుకి. తిరగేసి వేస్తే ఏ రాయో తగిలి క్లిప్పు ఊడొచ్చు. చైన్ ఊడి ముందు స్ప్రాకెట్ దగ్గర చుట్టుకుంటే ఇంజను కేసు పగలొచ్చు, నడుస్తున్న బండి చక్రం పట్టేయవచ్చు. అందుకే ఈ ఒక్కదాన్ని పూర్తయ్యాక మళ్లీ వంగి చూస్తాను.

ఆట ఎంత పెట్టాలన్నది ఈ బండిలో ఆలోచించాల్సిన మాట. స్వింగార్మ్ కిందికి వేలాడుతున్నప్పుడు ముందు, వెనక స్ప్రాకెట్ల మధ్య దూరం తక్కువ. బరువు పడి షాకులు దిగుతూ స్వింగార్మ్ అడ్డంగా వస్తున్నకొద్దీ ఆ దూరం పెరిగి చైన్ బిగుస్తుంది. ఖాళీ బండిని స్టాండు మీద 25కి పెట్టి, తర్వాత పెట్టె ఎక్కించి, మనిషి కూర్చుంటే మిగిలేది కొంచెమే. అందుకని 30కి పెట్టి, స్టాండు తీసి, ఓనర్ని కూర్చోబెట్టి, వెనక మా పక్కింటి కుర్రాణ్ణి ఎక్కించి మళ్లీ చూశాను. చైన్ ఇంకా చేతికి ఆడుతోంది. కొత్త సెట్ కాబట్టి చక్రం ఎటు తిప్పినా తేడా రెండు మూడు మిల్లీమీటర్లే.

స్వింగార్మ్ గీతల్ని నమ్మి ఊరుకోలేదు. స్వింగార్మ్ పివట్ బోల్టు మధ్య నుంచి యాక్సిల్ మధ్యకి రెండు పక్కలా టేపుతో కొలిచి సమానం చేశాను. యాక్సిల్ నట్టు చివరగా బిగించేటప్పుడు చైన్‌కీ వెనక స్ప్రాకెట్‌కీ మధ్య మడిచిన గుడ్డ పెట్టి చక్రాన్ని వెనక్కి తిప్పితే, యాక్సిల్ అడ్జస్టర్లకి ఆనుకుని కదలకుండా ఉంటుంది. నట్టుకి మాన్యువల్లో ఉన్న టార్క్ (బిగింపు బలం) ఇచ్చాక గుడ్డ తీసి ఆట మళ్లీ కొలిచాను, బిగింపులో అది మారుతుంది కాబట్టి. యాక్సిల్ కాస్త ముందుకి వచ్చింది కనుక బ్రేకు రాడ్డు వదులైంది. పెడల్ ఆట సర్ది, బ్రేకు లైటు వెలుగుతోందా చూసి, బ్రేకు ప్లేటు తిరగకుండా పట్టే టార్క్ ఆర్మ్ నట్టుకి కొత్త స్ప్లిట్ పిన్ను వేశాను. పాత పిన్ను మళ్లీ వాడకూడదు.

తర్వాత

పెట్టె బెజ్జం మూసేస్తే నీళ్లు పెట్టెలోనే నిలిచి చేపలు పాడవుతాయట. అందుకే మూయలేదు. దానికి ప్లాస్టిక్ గొట్టం పెట్టి, సైలెన్సరుకి తగలకుండా కుడి పక్క నంబరు ప్లేటు వెనక నుంచి కిందికి వదిలాం. టైరు మీద పడకుండా గొట్టం కొస ఎంత కిందికి ఉండాలో నీళ్లు పోసి చూసి కట్టాం. ఈ కేసులో నాకు బాగా నచ్చిన రిపేరు ఇదే, ఖర్చు యాభై రూపాయలు కూడా కాలేదు.

చైన్ విషయంలో చెప్పింది: అమ్మకం అయ్యాక మంచినీళ్లతో కడిగి, ఆరనిచ్చి, చక్రం తిప్పుతూ కింది వరస లోపలి వైపు 90 నంబరు గేరాయిల్ చుక్కలుగా వేసి, ఎక్కువైంది తుడిచెయ్యాలి. రోజూ వీలుకాకపోతే రెండు రోజులకోసారి. మామూలు బండికి ఇది అతి. ఉప్పునీటి బండికి అవసరం.

500 కిలోమీటర్ల తర్వాత తెచ్చాడు. కొత్త చైన్ మొదట్లో కొంచెం కుదురుకుంటుంది, ఆట 34కి చేరింది, మళ్లీ 30కి తెచ్చాను. తర్వాత చూసినప్పుడు 31. చప్పుడు లేదు. 20 పిచ్‌ల కొలత మూడు చోట్లా 254కి అర మిల్లీమీటరు లోపే.

ఇప్పుడు అతనడిగేది ఓ-రింగ్ చైన్ గురించి. అందులో పిన్నుకీ బుష్షుకీ మధ్య గ్రీజు పెట్టి రబ్బరు రింగులతో మూస్తారు, ఉప్పునీళ్లు లోపలికి పోవడం కష్టం. ఈ బండి పనికి అది సరైనదే. కానీ ధర ఎక్కువ, వెడల్పూ కొంచెం ఎక్కువ, కవరుకీ ముందు కేసుకీ రాసుకోకుండా చోటుందో లేదో కొలవాలి. రింగులున్న చైన్‌ని పెట్రోలుతో కడగకూడదు, బయట తుప్పు పట్టకుండా నూనె ఎలాగూ వెయ్యాలి. ఈ సెట్ అరిగేవరకు ఆగుదామన్నాను. ఏప్రిల్ 14న, హార్బర్‌లో బోట్లు ఆగే ముందురోజు, బండి తెచ్చి పెట్టమన్నాను. కడిగి, ఆయిల్ వేసి, స్కేలు పెట్టి చూశాకే ఊరికి వెళ్లాలి.